గాలి వైరు, లైటు వైరు: మామా అల్లుళ్ల వాదోపవాదం

చీమకుర్తిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో. కొత్త కంప్యూటర్ బిగిస్తున్నారు. టేబుల్ మీద క్యాబినెట్, ఒంగోలు నుంచి తెచ్చిన ఆరు ఏఆర్‌జీబీ (రంగులు మారే లైట్లున్న) ఫ్యాన్లు, వాటితో పాటు వచ్చిన హబ్, అంటే ఫ్యాన్ల వైర్లన్నీ ఒకచోట కలిపే పెట్టె. ఒక్కో ఫ్యాన్‌కి రెండు వైర్లు, తిప్పడానికి ఒకటి, వెలిగించడానికి ఒకటి. అన్నీ హబ్‌కే గుచ్చేద్దామంటాడు అల్లుడు. మామ ససేమిరా అంటాడు.

అల్లుడు: ఇందులో ఆలోచించేదేముంది మామా? హబ్‌కి ఆరు పోర్టులు, మనకి ఆరు ఫ్యాన్లు. హబ్ నుంచి మదర్‌బోర్డుకి రెండు వైర్లు, కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ నుంచి ఒక సాటా పవర్ వైరు. వెనకవైపు ఎంత నీట్‌గా ఉంటుందో చూడు.

మామ: నీట్‌గా ఉంటే సరిపోతుందా? పెళ్లిళ్ల సీజన్‌లో ఇది రాత్రంతా రెండర్ చేస్తూ, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా మారుస్తూ కూర్చోవాలి. రోహిణి కార్తెకి రోళ్లే పగిలే ఊరు మనది. హబ్‌లో ఆరూ పెడితే బోర్డుకి ఎన్ని కనిపిస్తాయో చెప్పు ముందు.

అల్లుడు: ఒకటి. అయితే ఏం?

మామ: అయితే ఏమా? ఫ్యాన్ ప్లగ్గులో నాలుగు పిన్నులుంటాయి. ఒకటి గ్రౌండ్, రెండోది 12 వోల్టులు. మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి చెప్తుంది, నాలుగోది ఎంత తిరగాలో ఫ్యాన్‌కి చెప్తుంది. ఇలాంటి హబ్‌లలో ఆ మూడో పిన్ను మామూలుగా ఒక్క పోర్టుకే ఉంటుంది. వెనక ఫ్యాన్ రెక్కల్లో వైరు ఇరుక్కుని ఆగిపోయిందనుకో, ఆ పోర్టులో ఉన్నది తిరుగుతోంది కదా అని బోర్డు ఊరుకుంటుంది. ప్రాసెసర్ వేడెక్కి రెండర్ నత్తనడక నడిచేదాకా మనకీ తెలియదు.

అల్లుడు: బోర్డు మీద క్యాబినెట్ ఫ్యాన్ల ప్లగ్గులు గుచ్చే హెడర్లు మూడే ఉన్నాయి మరి.

మామ: ఒక హెడర్‌కి రెండు మూడు ఫ్యాన్లు తగిలించే స్ప్లిటర్ వైర్లు వెయ్. హెడర్ మామూలుగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది, మాన్యువల్‌లో ఒకసారి చూసుకో. ఫ్యాన్ స్టిక్కర్ మీద మోటారుకి ఎంత రాసి ఉంది?

అల్లుడు: 0.25.

మామ: క్యాబినెట్ ముందు వైపు మూడూ ఒక హెడర్‌కి, 0.75 ఆంపియర్లు. పైన రెండూ ఇంకో హెడర్‌కి, వెనకది విడిగా.

అల్లుడు: స్ప్లిటర్‌లో కూడా ఒక్కదాని వేగమే తెలుస్తుందిగా! నువ్వు హబ్‌ని తప్పుపట్టింది అందుకే.

మామ: నిజమే. కానీ ఆరింటికి ఒకటి తెలియడం వేరు, మూడు జట్లకీ మూడు తెలియడం వేరు. ఇంకో సంగతి. హబ్‌లో అన్నీ ఒకే వేగంతో తిరుగుతాయి. ప్రాసెసర్ వేడి క్షణానికోలా మారుతుంటే ఆరూ ఒక్కసారి గొంతెత్తుతాయి. పక్కన మైకు పెట్టి వాయిస్ రికార్డు చేసేది నేను. బోర్డుకి పెడితే దాని సెట్టింగులుండే బయోస్‌లో ఏ జట్టుకి ఆ జట్టు వేగం నేనే రాసుకుంటాను.

(ఇక్కడిదాకా మామదే న్యాయం. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌ని మాత్రం స్ప్లిటర్ కూడా లేకుండా సీపీయూ ఫ్యాన్ అని రాసిన హెడర్‌కే పెట్టాలి. అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.)

అల్లుడు: సరే, ఫ్యాన్లు నీ ఇష్టం. మరి లైట్లు?

మామ: వాటికీ హబ్ ఎందుకు? బోర్డు మూల నాలుగు పిన్నుల ఆర్‌జీబీ హెడర్ ఉంది. పెళ్లి స్టేజీలకి 12 వోల్టుల స్ట్రిప్పులు ఎన్ని కట్టలేదు నేను! ఇటివ్వు, గుచ్చేస్తా.

అల్లుడు: ఆగు మామా, చెయ్యి తియ్! మనవి 5 వోల్టులవి. అందులో పెట్టి ఆన్ చేస్తే ఆరు ఫ్యాన్ల లైట్లూ ఒక్కసారే పోతాయి. ఈ ప్లగ్గు చూడు, మూడే రంధ్రాలు, మధ్యలో ఒక చోటు ఖాళీ. దీని హెడర్‌లోనూ ఒక పిన్ను లేకుండా ఉంటుంది. ఎంఎస్ఐ బోర్డుల మీదైతే 12 వోల్టుల దానికి జేఆర్‌జీబీ అని, 5 వోల్టుల దానికి జేరెయిన్‌బో అని ఉంటుంది. పేరు ఏదైనా పక్కన వోల్టేజీ చదివే పెట్టాలి, బిగుతుగా ఉంటే నొక్కకూడదు.

మామ: రెండూ లైట్లే కదరా, ఎందుకింత తేడా?

అల్లుడు: నీ స్ట్రిప్పులో ఎరుపు వైరుకి కరెంటిస్తే మొత్తం ఎర్రగా వెలుగుతుంది. ఇందులో ప్రతి ఎల్ఈడీకీ ఒక చిప్పు ఉంది. డేటా వైరు ఒక్కటే. పంక్తిలో గిన్నె అందుకుని తన విస్తట్లోకి వేసుకుని పక్కవాళ్లకి ఇచ్చినట్టు, మొదటి చిప్పు తన రంగు చెప్పే 24 బిట్లు తీసుకుని మిగతాది ముందుకు పంపిస్తుంది. అందుకే మధ్యలో ఒకటి పోతే దాని తర్వాతవి వెలగవు.

మామ: బాగుంది. అయితే ఆ 5 వోల్టుల హెడర్‌కే నేరుగా పెట్టు.

అల్లుడు: లెక్క చూడు. ఫ్యాన్‌కి 12 ఎల్ఈడీలు. ఫుల్ తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్ల దాకా తాగుతుంది. ఆరు ఫ్యాన్లకి 4.3 ఆంపియర్లు. హెడర్ ఇచ్చేది మామూలుగా 3. అందుకే హబ్ అంటున్నాను. బోర్డు నుంచి డేటా మాత్రం వస్తుంది, కరెంటు సాటా నుంచి వస్తుంది.

మామ: సాటా ప్లగ్గు 5 వోల్టుల మీద తట్టుకునేదే 4.5. అంచుకొచ్చింది చూడు. ఆ వైరుకి హార్డ్‌డిస్కులు తగిలించకు, బ్రైట్‌నెస్ సగానికి దించు. అప్పుడు లైట్లకి హబ్ పెట్టుకో.

(అల్లుడు నిలబెట్టిన లెక్క ఇది. హబ్ లైట్లకి పనికొస్తుంది, ఫ్యాన్లకి వద్దు అన్నదే నా అభిప్రాయం కూడా.)

మామ: ఇదేంట్రా, ముందు మూడు ఫ్యాన్లూ తిరగేసి బిగించావు?

అల్లుడు: క్యాబినెట్ అద్దంలోంచి చూస్తే స్టిక్కర్, అడ్డకమ్ములు కనిపిస్తున్నాయని అందమైన వైపు లోపలికి పెట్టాను.

మామ: మామూలు ఫ్యాన్‌లో కమ్ములున్న వైపు నుంచే గాలి బయటికొస్తుంది. ఇప్పుడు ఆరూ బయటికే ఊదుతున్నాయి. లోపలికి గాలి ఎక్కడినుంచి రావాలి? సందు దొరికిన చోటల్లా ఫిల్టర్ లేకుండా లాక్కుంటుంది. క్వారీల గ్రానైట్ పొడి పొద్దున తుడిచిన టేబుల్ మీదే సాయంత్రానికి వేలితో గీత గీస్తే కనిపిస్తుంది. అది గ్రాఫిక్స్ కార్డు రెక్కల్లో చేరితే?

అల్లుడు: రెక్కలు ఎదురు తిరిగి ఉండే రివర్స్ బ్లేడ్ ఫ్యాన్లు దొరుకుతాయి మామా. అవైతే అందమైన వైపు లోపలికే ఉంటుంది, గాలీ లోపలికే వస్తుంది.

మామ: షాపులో మార్చి ఇస్తారేమో కనుక్కో, నాకేం అభ్యంతరం లేదు. ఇవ్వకపోతే ఈ మూడూ తిప్పి బిగించు. పైన రెండింట్లో ముందుది తీసి పక్కన పెట్టు. ముందు నుంచి మూడు లోపలికి, పైన ఒకటీ వెనక ఒకటీ బయటికి. వచ్చేది పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది.

అల్లుడు: ఒక ఫ్యాన్ తగ్గిందంటే లైట్ల లెక్క కూడా 3.6కి దిగింది. సాటాకి ఊపిరాడింది మామా.

మామ: స్క్రూడ్రైవర్ అందుకో.