గార్ని గుడి గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో ఉన్న తప్పులు

మా ఫ్యామిలీ గ్రూపులోకి ఈ నెలలో మూడోసారి వచ్చింది ఆ ఫోటో. లోయ అంచున బూడిద రంగు రాతి స్తంభాల గుడి. కింద ఇలా రాసి ఉంది: ‘ఆర్మేనియాలో రెండు వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచిన వేదకాలపు సూర్యదేవాలయం. కృష్ణుణ్ణి కొలిచే భారత రాజకుమారులు అక్కడికి వెళ్లి కట్టారు. 301లో క్రైస్తవులైన రాజులు మిగతా గుళ్లన్నీ కూల్చేశారు. పాత దేవుళ్ల ఆనవాలు ఇంకెక్కడా లేదు. అందరికీ పంపండి.’

మా అక్క కొడుకు ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. కిందటేడు వాణ్ణి చూడటానికి వెళ్లి, ఒక రోజు కారు మాట్లాడుకుని ఫోటోలోని గార్ని గుడి, దాని దగ్గర్లోని గెగార్ద్ మఠం చూసొచ్చాం. కళ్లారా చూసిన చోటు గురించి ఇలా రాస్తుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మొదటిది, ‘చెక్కుచెదరకుండా’ అన్న మాట. గార్ని గుడి 1679 భూకంపంలో కుప్పకూలింది. దాదాపు మూడు వందల ఏళ్లు రాళ్ల గుట్టగానే పడి ఉంది. సోవియట్ కాలంలో, 1969 నుంచి 1975 వరకు, అలెగ్జాండర్ సాహిన్యాన్ అనే ఆర్కిటెక్ట్ ఆధ్వర్యంలో ఆ రాళ్లను ఏరి, ఏ రాయి ఎక్కడిదో చూసుకుంటూ మళ్లీ నిలబెట్టారు. దొరకని ముక్కల చోట కొత్త బసాల్ట్ రాయి పెట్టారు గానీ దాని మీద నగిషీ చెక్కలేదు. అడుగేసి ఎత్తున్న తొమ్మిది మెట్లు ఎక్కి దగ్గర నిలబడితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక రాయి మీద ఆకులు, తీగలు అల్లుకుని ఉంటాయి, పక్క రాయి నున్నగా ఉంటుంది. ఏది పాతదో ఏది కొత్తదో చూసేవాళ్లకు తెలియాలని కావాలనే అలా వదిలేశారు. నాకు ఆ గుడిలో అన్నిటికంటే నచ్చింది ఆ నిజాయితీయే. దాన్ని చెక్కుచెదరలేదని రాస్తే అంత ఓపిగ్గా చేసిన పనిని చెరిపేసినట్టే.

రెండోది, వేదకాలపు గుడి అనటం. గార్ని గుడి ఎవరిదని చెప్తారో ఆ ఆర్మేనియన్ల సూర్యదేవుడు మిహ్ర్, ఇరానీయుల మిత్ర, ఋగ్వేదంలోని మిత్రుడు ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు. అంతవరకు నిజం. కానీ ఒక తాత మనవలు ఎప్పుడో విడిపోయి వేరే ఊళ్లలో స్థిరపడ్డాక ఒకరి ఇల్లు ఇంకొకరిది అవుతుందా? గార్ని కట్టించాడని ఎక్కువమంది చెప్పే రాజు మొదటి తిరిదాత్ అప్పట్లో ఇరాన్‌ను ఏలిన పార్థియా రాజవంశం వాడు. క్రీ.శ. 66లో రోమ్ వెళ్లి చక్రవర్తి నీరో చేతుల మీదుగా కిరీటం పెట్టించుకున్నాడు. అక్కడ 1945లో బయటపడిన శాసనం గ్రీకులో ఉంది. గుడి క్రీ.శ. 77 నాటిదని లెక్క కట్టింది దాన్ని బట్టే. 24 స్తంభాల వరసేమో గ్రీకు, రోమన్ల పద్ధతి. అసలది గుడి కాదు, ఒక రాజు సమాధి అనే పరిశోధకులూ ఉన్నారు.

మరి ఆ రాజకుమారుల కథ? అది ‘తారోన్ చరిత్ర’ అనే పాత ఆర్మేనియన్ గ్రంథంలోది. గిసానే, దెమెత్ర్ అనే ఇద్దరు భారతీయులు అక్కడికి పారిపోయి వచ్చారని, వాళ్ల సంతతి వాళ్ల విగ్రహాలను పూజించిందని అందులో ఉంది. 1836లో జోహన్నెస్ అవ్‌డాల్ అనే ఆర్మేనియన్ కలకత్తాలో దీని మీద వ్యాసం వేశాక మన దేశంలో ప్రచారమైంది. ఆ గ్రంథం నాలుగో శతాబ్దానిదని చెప్పుకున్నా, చాలా తర్వాత రాసిందని పండితుల మాట. గిసానే అంటే కృష్ణుడనేది పేర్ల పోలిక చూసి చేసిన ఊహ. పైగా తారోన్ ఇప్పటి టర్కీలో, ముష్ పట్టణం దగ్గర ఉంది. గార్నికి వందల కిలోమీటర్ల దూరం.

గుళ్లు కూల్చారన్నది మాత్రం కాదనలేను. రాజు మూడో తిరిదాత్, అతన్ని క్రైస్తవుణ్ణి చేసిన మతగురువు గ్రెగరీ కలిసి అనాహిత్ లాంటి దేవతల గుళ్లు కూల్పించిన సంగతిని ఆర్మేనియన్ల సొంత చరిత్రకారులే రాసుకున్నారు. 301 అన్నది సంప్రదాయం చెప్పే ఏడాది, 314 అనేవాళ్లూ చాలామంది ఉన్నారు. కానీ ‘ఆనవాలు ఇంకెక్కడా లేదు’ అనేది మెసేజ్ మొత్తంలో పెద్ద తప్పు. ఆర్మేనియన్ చర్చికి కేంద్రమైన ఎచ్మియాద్జిన్ పెద్ద చర్చిలో 1950లలో తవ్వితే బలిపీఠం కింద పాత మతం నాటి అగ్నికుండం బయటపడింది. వర్దవార్ పండుగ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక ఊరంతా బకెట్లతో ఒకరి మీద ఒకరు నీళ్లు పోసుకుంటారు. అది క్రైస్తవానికి ముందు కొలిచిన అస్త్ఘిక్ దేవత నాటి నుంచి వస్తున్న ఆట.

గెగార్ద్‌లో నేను చూసింది చెప్తాను. గార్ని దాటి కాస్త పైకి వెళ్తే కొండను తొలిచి కట్టిన మఠం. 1215లో కట్టిన చర్చి పక్కన, గుహలాంటి గదిలో రాతి సందు నుంచి నీళ్లు కారుతున్నాయి. క్రైస్తవం రాకముందే ఆ ఊటను పవిత్రంగా చూసేవాళ్లట. ఒక పెద్దావిడ ఆ నీళ్లు దోసిట్లో పట్టి మనవరాలి మొహానికి రాసి, మిగిలినవి సీసాలో నింపుకుంది. బయట ఒక కుటుంబం కోడిపుంజును చంకలో పెట్టుకుని చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగింది. పాదిరి ఆశీర్వదించిన ఉప్పును దానికి తినిపించారు. ఇంటికి తీసుకెళ్లి కోసి, వండి, ఇరుగుపొరుగుకు పంచుతారట. దీన్ని మతాఘ్ అంటారు. మా ఊరి మొక్కుబడి కోడి గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. అయినా అది వాళ్ల మొక్కు, వాళ్ల తాతల నుంచి వచ్చింది. మన నుంచి వెళ్లిందని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

ఆర్మేనియాతో మనకు బంధం కావాలంటే కల్పించుకోనక్కర్లేదు, అది ఉంది. ఆర్మేనియన్ వర్తకులు మచిలీపట్నంలో వ్యాపారం చేశారు. ఆర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ 1794లో మద్రాసులో అచ్చయింది. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ సమాధులు ఉన్నాయి. ఆ మెసేజ్ పంపిన మా బాబాయికి ఇదంతా రాసి, ఈ ఆదివారం ఉప్పుగూడ వెళ్దాం రమ్మని అడిగాను. వస్తానన్నాడు.