నీలం టిక్కు గారికి బ్రాడీపేట నుంచి ఒక ఇన్‌ల్యాండ్ లెటరు

మహారాజశ్రీ వాట్సాప్ నీలం టిక్కు గారి సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక గృహిణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమా అని వేరే అడగక్కర్లేదు. మా చుట్టాల్లో ఎవరెవరికి మాటల్లేవో ఒకసారి లెక్క చూసుకుంటే మీరు దివ్యంగా ఉన్నారని తెలిసిపోతోంది.

ఈ రోజుల్లో ఇన్‌ల్యాండ్ లెటరు ఏమిటి అనుకుంటారేమో, కారణం ఉంది. దీన్ని పోస్టు డబ్బాలో వేశాక మీకు అందిందో లేదో నాకు తెలియదు. అందినా విప్పారో లేదో తెలియదు. విప్పి, చదివి, పక్కన పడేసి కాఫీ తాగుతున్నారేమో, అదీ తెలియదు. తెలుసుకునే హక్కూ నాకు లేదు. మా అమ్మమ్మల కాలం వాళ్ళు ఈ పద్ధతిలోనే సంబంధాలు కుదుర్చుకున్నారు, పొలాలు బేరం పెట్టుకున్నారు, వియ్యపురాళ్ళతో చివరిదాకా నెట్టుకొచ్చారు.

మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక నువ్వు అనే అంటాను.

నువ్వు పుట్టింది 2014 నవంబరులో. అంతకుముందు వాట్సాప్‌లో రంగు మారని టిక్కులే ఉండేవి. ఒకటి పడితే మెసేజ్ వెళ్ళినట్టు, రెండు పడితే అవతలి ఫోనుకి చేరినట్టు. అంతవరకే. చేరినా చూసి ఉండకపోవచ్చు కదా, ఆ కాస్త సందులోనే మా బంధుత్వాలన్నీ ఊపిరి పీల్చుకునేవి. నువ్వొచ్చి, చూసేశారని నీలంగా చాటి, దాన్ని కాంక్రీటు పోసి పూడ్చేశావు.

"ఉత్తరం అందలేదు వదినా" అన్న ఒక్క అబద్ధం ఎన్ని పుట్టిళ్ళనీ మెట్టినిళ్ళనీ కాపాడిందో నీకేం తెలుసు? మేనల్లుడి బారసాలకి వెళ్ళలేకపోయాం. చేతిలో డబ్బుల్లేవు. ఆ మాట చెప్పుకుంటామా? ఉత్తరం అందలేదన్నాం. అందిందని వదినకీ తెలుసు. అయినా "ఈ పోస్టు వాళ్ళు ఎప్పుడూ ఇంతేనమ్మా" అని ఆవిడే అందించింది. ఇద్దరి పరువూ దక్కింది. పాపం, ఖాకీ బట్టలతో ఎండలో సైకిలు తొక్కిన పోస్ట్‌మ్యాన్, చెయ్యని తప్పులన్నీ నెత్తిన వేసుకుని ఊళ్ళో సగం కాపురాలు నిలబెట్టాడు. రిటైరైన రోజున ఆయనకి మేమంతా చందాలు వేసుకుని శాలువా కప్పి ఉండాల్సింది.

తర్వాత ల్యాండ్‌లైన్ వచ్చింది, వానకి డెడ్ అయ్యేది. ఆ తర్వాత సెల్లు వచ్చింది, సిగ్నల్ ఉండేది కాదు. మా గుంటూరు వాళ్ళకైతే వీటన్నిటి మీదా ఒక బ్రహ్మాస్త్రం ఉండేది: "శంకర్ విలాస్ బ్రిడ్జి మీద ఇరుక్కుపోయాను." దీనికి ఎదురు ప్రశ్న వేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు పాత బ్రిడ్జి తీసేసి కొత్తది కడుతున్నారు కాబట్టి, బ్రిడ్జి లేకపోవడం కూడా అంతే గట్టి సాకు. కానీ నీ ముందు అదీ చెల్లదు. ట్రాఫిక్‌లో ఉంటే మెసేజ్ ఎలా చూశావు అంటారు.

అందినట్టు సంతకం తీసుకునే పద్ధతి ఆ రోజుల్లోనూ లేకపోలేదు. రిజిస్టర్ పోస్టు, దానికి అంటించిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు. ఎవరు పంపేవాళ్ళు? కోర్టు, బ్యాంకు, పక్క వాటాదారు తరఫు లాయరు. రిజిస్టర్ పోస్టు వచ్చిందంటే సంతకం పెట్టేముందు మా నాన్న ఒకసారి దేవుడి పటం వైపు చూసేవాడు. 2025లో తపాలా శాఖ ఆ రిజిస్టర్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసింది. పోయిందిలే అనుకునేలోపు దాని ఉద్యోగం నీకిచ్చారు. ఇప్పుడు "టిఫిన్ చేశారా" అన్నదానికీ అక్నాలెడ్జ్‌మెంటే, పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వుకీ అక్నాలెడ్జ్‌మెంటే.

కోర్టు అంటే గుర్తొచ్చింది, నీకు కోర్టుల్లో పలుకుబడి కూడా ఉందిగా. 2018లో బొంబాయి హైకోర్టు ఒక క్రెడిట్ కార్డు బాకీ కేసులో, నోటీసు పీడీఎఫ్ వాట్సాప్‌లో అందడమే కాదు తెరిచి చూసినట్టు కూడా నీలం టిక్కులు చెబుతున్నాయి కాబట్టి నోటీసు ఇచ్చినట్టే అంది. తర్వాత 2025 జనవరిలో సుప్రీంకోర్టు, పోలీసులు హాజరు కమ్మని పంపే నోటీసులు వాట్సాప్‌లో ఇస్తే చెల్లవంది. అంటే పోలీసుల దగ్గర నాకు కాస్త రక్షణ దొరికింది. తెనాలిలో ఉన్న మా పెద్దాడపడుచు దగ్గర దొరకలేదు. ఆవిడ ఇంకా బొంబాయి హైకోర్టు దగ్గరే ఉంది.

మొన్నామధ్య వాళ్ళు కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలిచారు. పిలిచారు అంటే, వీడియో పంపారు. వినాయకుడి శ్లోకం, పైనుంచి పూలవాన, గిరగిరా తిరిగే ఇంటి ఫొటో, కింద గూగుల్ మ్యాప్ లింకు. పూర్వం మొగుడూ పెళ్ళాం కలిసి కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు చేతికిచ్చి, "ముందురోజే రావాలి, నువ్వు లేకపోతే పని జరగదు" అనేవాళ్ళు. ఆ మాట ఉత్తదే అని తెలిసినా ముందురోజే వెళ్ళేవాళ్ళం. "మాకు బొట్టు పెట్టి పిలవలేదు" అని మానేసే సౌకర్యం కూడా ఉండేది, అది వేరే సంగతి. ఇప్పుడు ఆ సౌకర్యమూ పోయింది. వీడియో మీద నువ్వు పడ్డావు, అంటే పిలుపు అందింది, అంటే రావాలి. "బాగుంది వదినగారూ" అని ఒక ముక్క పెట్టలేదని ఆవిడ మా ఆయనకి ఫోన్ చేసి, "నీ పెళ్ళాం చూసి కూడా చూడనట్టు ఉంది" అంది. ఆ పూట స్టవ్ మీద పాలున్నాయి. నేను తెరిచాను, పాలు పొంగాయి, పరిగెత్తాను.

ఇదే నీతో నా అసలు తగువు. నీకు తెలిసిందల్లా చాట్ తెరుచుకుందని. తెరిచిన మనిషి చదివిందో, పొయ్యి దగ్గరకి పరిగెత్తిందో, ఆ వేలు అసలు మనవడిదో నీకేం తెలుసు? సగం చూసి మొత్తం సాక్ష్యం చెప్పేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో ఇన్‌ల్యాండ్ లెటరు మీద రాస్తే బాగుండదు.

మా వాడి చదువు సంగతి విను. వాడు ఇంటర్. కార్పొరేట్ కాలేజీ, హాస్టల్. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు కాబట్టి కాలేజీ వాళ్ళు తల్లిదండ్రులకి గ్రూపు పెట్టారు. రాత్రి పదింటికి ఫిజిక్స్ నోట్స్ పీడీఎఫ్ వస్తుంది. వెనకే "అందరూ చూడగలరు" అని ఒక హెచ్చరిక. చూస్తాను. చూడకపోతే మర్నాడు ఫోన్ వస్తుంది. అలా ఆప్టిక్స్ మొత్తం చూసినట్టు నా పేరు మీద నమోదైంది. నేను బీకాం. ఆ కాగితాలు అరండల్‌పేటలో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి ఆదివారం హాస్టల్‌కి పట్టుకెళ్తే, "ఇది పోయినవారం అయిపోయిందమ్మా" అంటాడు వాడు. అయిపోవడం అంటే ఏమిట్రా అంటే, క్లాసులో తెర మీద చూపించారట. చూపించారు, చూశారు, అయిపోయింది. ఆదివారం పరీక్ష మార్కులు మాత్రం వాడికంటే ముందు నాకొస్తాయి. వాడు తన మార్కులు నా మొహంలో చూసి తెలుసుకుంటాడు.

మా హైస్కూల్లో లెక్కల మాస్టారు "అర్థమైందా" అనేవారు. అయింది సార్ అని క్లాసంతా అరిచేది. ఆయన మూడో బెంచీలో ఒకమ్మాయి మొహం చూసి, డస్టర్ తీసుకుని బోర్డు మొత్తం తుడిచి మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. ఆ అమ్మాయి మాత్రం అరవలేదా? అరిచింది. అరుపుని కాదు ఆయన నమ్మింది.

మా తమ్ముడి కథ ఇంకోరకం. వాడు ప్రత్తిపాడు దగ్గర మిరప వేస్తాడు. కిందటేడు ధర లేదని నలభై టిక్కీల, అంటే బస్తాల, తేజ రకం మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. రోజూ పొద్దున కమిషన్ వ్యాపారికి "ఏసీ తేజ ఇవాళ ఎంత పోయిందన్నా" అని మెసేజ్ పెడతాడు. ఏసీ అంటే ఆ కోల్డ్ స్టోరేజీ సరుకే. నువ్వు పడతావు. జవాబు రాదు. ఇక అక్కణ్ణుంచి వాడికి టెన్షన్ మొదలు. ధర పెరిగితే ఫోనే చేసేవాడు కదా, చెయ్యలేదంటే పడిపోయిందా? లేక పెరిగిందని నాకు తెలియకూడదనా? పోయినసారి తీసుకున్న అడ్వాన్సు గుర్తుపెట్టుకున్నాడా? ఒక చిన్న నీలం గుర్తులోంచి వాడు మిర్చి యార్డు మొత్తం చదువుతాడు. మా నాన్న రోజుల్లో అయితే బస్సెక్కి యార్డుకి పోయేవాడు. కొట్లో కూర్చుంటే ఆ ఘాటుకి తుమ్ములొచ్చేవి, గుమస్తా టీ తెప్పించేవాడు, ఈలోపు పక్క రైతు సరుకు ఎంతకి తెగిందో చెవిన పడేది. వ్యాపారి అబద్ధం చెప్పినా మొహం చూసి ఎంత శాతం అబద్ధమో నాన్న పట్టేసేవాడు. మా తమ్ముడికి ఆ అబద్ధం కూడా దక్కడం లేదు. చూసి ఊరుకున్నవాడితో ఏమని బేరమాడతాం?

నిన్ను ఆపేసుకోవచ్చు కదా అంటావు. నిజమే, నువ్వు పుట్టిన కొన్నాళ్ళకే జనం గోల భరించలేక నిన్ను ఆపే మీట పెట్టారు. ఆపాను. ఆపితే మా ఆయన మెసేజ్ చూశాడో లేదో నాకూ కనపడదట, అది నీ షరతు. ఇంత కాలం కాపురం చేశాక ఆయన చూసినా చూడకపోయినా ఒకటే, అది నష్టం కాదు. నష్టం ఎక్కడంటే, "టిక్కులు ఆపుకుంది, ఏం దాస్తోందో" అని కొత్త కేసు మొదలైంది. పైగా గ్రూపుల్లో ఆ మీట పనిచెయ్యదు. ఒక్కొక్కరి దగ్గర ఆపుకున్నా పదిమందిలో దొరికిపోతాం.

గ్రూపంటే మా అత్తవారి వైపుది, పేరు "మనమంతా ఒక్కటే". అక్కడ మమ్మల్ని కాపాడే మహానుభావుడు ఒకడున్నాడు, నరసరావుపేటలో మా పెదమామగారు. గ్రూపులో ప్రతి ఒక్కరూ చూస్తేనే గాని టిక్కులు నీలం కావు కదా. ఆయన ఫోన్ బీరువాలో పట్టుచీరల మధ్య ఉంటుంది, పండక్కి తీస్తారు. ఆయన పుణ్యమా అని ఆ గ్రూపులో ఏ మెసేజూ సంక్రాంతి లోపు నీలం కాలేదు. అందరం సుఖంగా ఉన్నాం. ఎవరో పాపాత్ములు మా ఆడపడుచుకి మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి "ఇన్ఫో" చూడటం నేర్పేదాకా. అందులో ఎవరు ఏ గంటకి, ఏ నిమిషానికి చూశారో వరసగా ఉంటుంది. "రాత్రి పదకొండు నలభై రెండుకి చూశావు, తొమ్మిదింటికే పడుకుంటాం అన్నావుగా అమ్మాయ్" అని అడిగింది. నిన్ను కనిపెట్టినవాళ్ళ మీద నాకు అంత కోపం లేదు. ఆ ఇన్ఫో నేర్పినవాళ్ళ మీద ఉంది.

2021 అక్టోబరు 4 రాత్రి నువ్వు ఆరు గంటల పాటు ప్రపంచమంతా మాయమైపోయావు, గుర్తుందా? మనకి తొమ్మిదింటి వేళ మొదలైంది. ఆ రాత్రి ఎవరూ ఎవరిమీదా అలగలేదని అబద్ధం చెప్పను. అలిగినవాళ్ళు ఫోన్ చేసి, ఎందుకు అలిగారో చెప్పి, తిట్టి, "సరే అన్నం తిన్నారా" అని పెట్టేశారు.

2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం కూడా "మన మిత్ర" అంటూ వాట్సాప్‌లోకే వచ్చింది. సర్టిఫికెట్లు, బిల్లులు అన్నీ అందులోనే. ఎవరేమన్నా ఇది నయం. హాయ్ అంటే వెంటనే జవాబిస్తుంది, చూసి ఊరుకోదు. సర్కారు ఆఫీసు నా మాటకి మా ఆయన కంటే ముందు పలికే రోజు వస్తుందని మా అత్తగారు బతికుండగా ఎవరైనా చెబితే నవ్వేది.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, నువ్వు పూర్తిగా పోనక్కర్లేదు. రిజిస్టర్ పోస్టు చేసిన పని చూసుకో. కోర్టులు, బ్యాంకులు, అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారులు, వీళ్ళ దగ్గర నీ నీలం రంగు ఎంత ముదురుగా ఉన్నా అభ్యంతరం లేదు. చుట్టాల దగ్గర మాత్రం కాస్త మతిమరుపు నేర్చుకో. వానొస్తే పడకు. పండగపూట అసలు పడకు. అప్పుడప్పుడు చూడనిదాన్ని చూసినట్టు, చూసినదాన్ని చూడనట్టు చూపించు, అప్పుడు నీ మీద తోసెయ్యడానికి మాకూ ఒక దారి ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ అంత నింద మోశాడు, నువ్వు మొయ్యలేవా?

ఇంకా రాయాలనే ఉంది గానీ తెనాలి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, నాలుగు నిమిషాల పైనే ఉంది. నిన్ను ఆపుకున్నా, విన్నట్టు ఆ మైకు బొమ్మ మాత్రం నీలం అవుతుందట, దాన్ని ఆపే మీట లేదట. అందుకని వినకుండానే మా ఆయన ఫోనుకి ఫార్వర్డ్ చేశాను. ఆయన స్నానానికి వెళ్ళారు, ఆయన ఫోన్లో వింటాను. వాళ్ళ అక్క గొంతు ఆయన ఫోన్లో మోగితే ఎవరికీ అనుమానం రాదు.

ఇట్లు,
చూసి కూడా చూడనట్టు ఉండే హక్కు కోరుకునే
ఒక గుంటూరు కోడలు