పెట్రోల్ మూత దగ్గర పంచాయితీ

కారున్నవాడు అద్దాలు తుడుస్తాడు, బానెట్ తుడుస్తాడు, పైకప్పు మీద పిల్లి అడుగులు కనిపిస్తే పిల్లిని తిడుతూ వాటినీ తుడుస్తాడు. పెట్రోల్ మూతకి కాపలాగా ఉండే ఆ చిన్న తలుపు వెనక మాత్రం జన్మలో తొంగి చూడడు. సీటు పక్కన లీవర్ లాగడంతో ఆయన బాధ్యత తీరిపోతుంది. మిగతాదంతా బంకు కుర్రాడిది. అందుకే మన కారు గుట్టు మనకన్నా వాడికే ఎక్కువ తెలుసు.

మా కారు గుట్టూ వాడే బయటపెట్టాడు. "సార్, ఇక్కడ తుప్పు పట్టింది" అన్నాడు నాజిల్ చేతిలో పట్టుకుని. దిగి చూస్తే మూత చుట్టూ ఉండే గుంటలో, కింది అంచున, రంగు బొబ్బ కట్టి ఉంది. ఎంతో లేదులే అనేలోపు వాడు గోటితో ఒక్క నొక్కు నొక్కాడు. పెచ్చు ఊడొచ్చింది. దాన్ని పారేయకుండా, చిల్లర తిరిగిచ్చినంత మర్యాదగా నా అరచేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆ పెచ్చుని టేబుల్ మీద పెట్టగానే సభ మొదలైంది. మనుషులకి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పొమ్మనేవాళ్లే, కారుకి జబ్బు చేస్తే మాత్రం తామే డాక్టర్లయిపోతారు.

"అల్లుడుగారూ, దానిమీద ఓ స్టిక్కర్ అంటించెయ్యండి. తలుపు మూసేస్తే ఎవడికి కనపడుతుంది?" అన్నారు మామయ్యగారు.

"తలుపు మూస్తే ఎలాగూ కనపడనిదానికి స్టిక్కర్ ఎందుకు నాన్నా?" అని అడిగింది మా ఆవిడ. ఆయన పేపర్లో క్రీడల పేజీకి వెళ్లిపోయారు.

మా బావమరిది అప్పటికే ఫోన్లో పరిశోధన పూర్తిచేశాడు. "బావా, కోలా పోస్తే తుప్పు పోతుంది. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది." ఉంటుంది, అబద్ధం కాదు. తుప్పుని గట్టి పొరగా మార్చడానికి పూసే మందులు, అదే కన్వర్టర్లు, వాటిలో చాలావాటిలో ఉండేదీ అదే. అయితే కోలాలో ఆమ్లం ఉండేది పేరుకి, చక్కెర మాత్రం 100 మిల్లీలీటర్లకి సుమారు 10 గ్రాములు ఉంటుంది. ఈ సంగతి వాడు చదివిన చోట ఎవరూ రాసినట్టు లేదు. రాత్రి గుడ్డ ముక్క కోలాలో ముంచి, తుప్పు మీద పట్టీ వేసి, గుడ్ నైట్ కూడా చెప్పి పడుకున్నాడు.

తెల్లారి చూస్తే చీమలు. టైరెక్కి, చక్రం అంచు మీదుగా పైకి పాకి, తలుపు సందులోంచి లోపలికి ఒక వరస. కడుపు నింపుకుని దిగేవాటికి ఇంకో వరస. ఒకదాన్నొకటి తోసుకోవు, ముందుకు దూరవు, హారన్ కొట్టవు. నేను ఏ బంకులోనూ అంత పద్ధతైన క్యూ చూడలేదు. తుప్పు ఉన్నచోటే ఉంది, పైగా జిగురు తోడైంది.

ఆ గొడవ విని పక్కింటాయన వచ్చారు. ఆయన కొత్తగా ఇనుము గీకే గ్రైండర్ కొన్నారు. గేటు, నిచ్చెన, కిటికీ ఊచలు అన్నీ తళతళలాడించేశాక వాళ్లింట్లో ఇక గీకడానికేమీ మిగల్లేదు. "పావుగంట పనండీ" అంటూ ప్లగ్గు పెట్టబోయారు.

ఇక్కడ కొంచెం సీరియస్‌గా మాట్లాడాలి. పెట్రోల్ మండటానికి పొయ్యంత వేడి అక్కర్లేదు. సుమారు మైనస్ 43 డిగ్రీల చలిలో కూడా, ఒక్క రవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి దానిమీద ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి పైకెళ్లిపోదు, కిందే పారుతుంది. గ్రైండర్‌కి ఉన్న గొప్పతనమల్లా రవ్వలు చిమ్మడమే. ఇదంతా నేను మర్యాదకి భంగం రాకుండా వివరిస్తుండగానే మా ఆవిడ వచ్చింది.

"ఏమండీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో ముందు చెప్పండి. ఆ తర్వాత ఆయన మొదలుపెడతారు."

పక్కింటాయన వైరు చుట్టేసుకున్నారు.

చివరికి టింకరింగ్ మేస్త్రీ వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. మూత గట్టిగా బిగించాడు, గ్లాసుడు నీళ్లడిగి ఆ గుంటలో పోశాడు. నీళ్లు పోసినవి పోసినట్టే నిలబడ్డాయి. "చూశారా" అన్నాడు. అందరం చూశాం. ఏం చూడాలో ఎవరికీ తెలియలేదు.

ఆ గుంట అడుగున ఒక చిన్న కన్నం ఉండాలట. పడిన వాన నీళ్లు, తొణికిన పెట్రోల్ దాంట్లోంచి కిందికి పోవాలి. ఆయన మెత్తటి ప్లాస్టిక్ గొట్టం పెట్టి పొడిస్తే అందులోంచి మట్టి, ఆకుల పొడి, వెనకాలే కోలా తాగిన చీమలు కొన్ని బయటికొచ్చాయి. నాజిల్ తగిలి తగిలి అంచున రంగు లేచిపోయింది, పక్కనే నీళ్లు నిలవున్నాయి. ఇనుముకి ఇంకేం కావాలి? పైగా తుప్పు తను తిన్న ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కింద మళ్లీ నీళ్లు చేరతాయి.

అక్కడితో ఆగలేదు. వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ తొడుగు విప్పి టార్చి వేశాడు. చక్రం విసిరిన బురద అంతా అక్కడ గట్టిపడి కూర్చుంది. "ఈ బురద ఇలాగే వదిలేస్తే తుప్పు లోపలినుంచి బయటికొచ్చేదండీ" అన్నాడు. పైన పటారం, లోన లొటారం. ట్యాంకులోకి వెళ్లే గొట్టాన్ని మాత్రం తడిమి, బాగుందన్నాడు. దానికే పట్టి ఉంటే రంగులు వేసి లాభం లేదు, గొట్టం మార్చాల్సిందే. దాని పొడి ట్యాంకులో రాలితే ఫిల్టర్ పూడుకుపోతుంది.

పెచ్చు ఊడినచోట సూదితో గుచ్చి చూశాడు, దిగలేదు. దిగి ఉంటే ట్యాంకు దించి, ఆ ముక్క కోసి కొత్త రేకు అతకాల్సి వచ్చేదట. మూత చుట్టూ టేపు వేసి, ఆరుబయట, ఒట్టి చేత్తో ఎమరీ పేపర్ పట్టాడు. ముందు 80 నంబరు, తర్వాత 180, ఆపైన 320. తెల్లగా లోహం తేలాక గుంతల్లో మిగిలిన తుప్పుకి కన్వర్టర్ రాశాడు. అది నల్లబడుతుంటే మామయ్యగారు ఆగలేకపోయారు. "తుప్పు తియ్యమంటే మసి పూస్తాడేమిటయ్యా?"

"నల్లబడితేనే పట్టినట్టండీ."

ఆ తర్వాత ప్రైమర్, రంగు, వార్నిష్, ఒక్కోటీ పల్చగా, ఆరాక ఇంకోటి. రంగు నంబరు కారు మీద ఉన్నదే. కానీ కారు ఎండకి వెలిసిపోయి, ఆ నంబరుని ఎప్పుడో మరిచిపోయింది. "మొత్తం కారులో కొత్తగా మెరుస్తున్నది ఇదొక్కటే. దాన్నే తలుపేసి దాచేశారు" అంది మా ఆవిడ.

మామయ్యగారు మాత్రం అప్పట్నుంచి స్టిక్కర్ల మాటెత్తడం లేదు. వీధిలో ఆగిన ప్రతి కారు చుట్టూ తిరుగుతున్నారు. మొన్న మా ఆఫీసు మిత్రుడు కారు దిగేసరికి గ్లాసుడు నీళ్లతో ఎదురెళ్లారు. మంచినీళ్లనుకుని అతను చెయ్యి చాపాడు. ఈయన గ్లాసు వెనక్కి లాక్కుని, "ఇవి మీకు కాదు బాబూ, ఆ పెట్రోల్ తలుపు ఓసారి తెరవండి" అన్నారు.