మందు ఒకరికి, జబ్బు ఇద్దరికీ

మూత్రంలో మంట, చీము కనిపిస్తే పాలమూరు, నల్లగొండ వైపు మగవాళ్లు చాలామంది సర్కారు దవాఖానకు పోరు. తెలిసిన మొహం ఎదురుపడని పట్టణంలో మెడికల్ షాపు వెతుక్కుంటారు. సుఖవ్యాధి అనగానే దాన్ని ముంబై, భివండి వలసల మీదికి నెట్టేయడం మనకు అలవాటు. ఊళ్లోనే ఉన్నవాడికి రాదా? నా లెక్కలో వలస కంటే ఈ దాపరికమే పెద్ద సమస్య.

ఇలా మంట, చీము తెచ్చే సుఖవ్యాధుల్లో ఒకటైన గనేరియా ఒకప్పుడు సల్ఫా మందులకు లొంగేది. తర్వాత పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చాయి. ఎడాపెడా వాడి ఒక్కోదాన్నీ పోగొట్టుకున్నాం. ఇప్పుడు గట్టిగా నమ్ముకోగలిగింది సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షన్. సుఖవ్యాధుల కోసం సర్కారు నడిపే సురక్ష క్లినిక్‌లలో ఉచితంగా ఇచ్చే బూడిద రంగు కిట్‌లో దాని జాతికే చెందిన సెఫిక్సిమ్, తోడుగా అజిత్రోమైసిన్ ఉంటాయి. రెండోది క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి కోసం, ఎందుకంటే ఈ రెండు జబ్బులూ తరచూ కలిసే వస్తాయి. షాపు కౌంటర్ దగ్గర ఇదంతా ఎవరు ఆలోచిస్తారు? సిప్రో మాత్రలు నాలుగు చేతిలో పెడతారు. సెఫిక్సిమ్ 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్లో ఉంది. డాక్టర్ చీటీ చూసి, రిజిస్టర్‌లో రాసి అమ్మాలి, ఆ రిజిస్టర్‌ను 3 ఏళ్లు దాచాలి. రూల్ మంచిదే, అడిగేవాళ్లేరి?

మంట తగ్గాక అతను ఇంటికి పోతాడు. భార్యకు మాత్రం ఏ మందూ లేదు. ఆడవాళ్లలో గనేరియా చాలాసార్లు పైకి కనిపించదు. లోపల్లోపల ఫెలోపియన్ ట్యూబులకు పాకితే పిల్లలు పుట్టడమే కష్టమవుతుంది. అప్పుడు అత్తింట్లో మాట పడేది ఆమే. ఆమె నుంచి జబ్బు మళ్లీ అతనికి అంటుకుంటే, మందు పనిచేయలేదని ఇంకో షాపు వెతుక్కుంటాడు.

మరో సుఖవ్యాధి సిఫిలిస్ విషయంలో కొంత ఊరట ఉంది. 1943లో మొదలైన పెన్సిలిన్ వైద్యం ఇప్పటికీ పనిచేస్తోంది. తొలి దశలోనైతే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి చేయిస్తే చాలు. గర్భిణికైతే కడుపులో బిడ్డను కాపాడుతుందని నమ్మదగ్గ మందు అదొక్కటే. అయినా మందు పడక అలర్జీ రియాక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో చిన్న క్లినిక్‌లు దాని జోలికి పోవు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ రియాక్షన్‌కు వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ అందుబాటులో లేనిచోట వేయకపోవడమే మేలు. కానీ మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి. అక్కడికి పంపడానికేం అడ్డం?

ఓపీ టైమే అడ్డం. పొద్దున్నే వచ్చి లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే, పైగా ఆ లైన్లో సొంతూరివాళ్లు ఉంటారు. చర్మవ్యాధుల విభాగంలో సాయంత్రం పూట ఒక గది తెరవాలి. వచ్చినవాడి చేతికి భార్య కోసం కూడా ఒక చీటీ ఇవ్వాలి. అలర్జీ ఉందో, గర్భం ఉందో చూడకుండా ఇంటికే మాత్రలు పంపేయడం నాకు సమ్మతం కాదు. చీటీ మీద జబ్బు పేరు అక్కర్లేదు, గైనిక్ ఓపీ అని రాస్తే సరిపోతుంది. ఏం జబ్బో, మందు ఎందుకో లోపల డాక్టరమ్మ ఆమెకు చెప్పాలి. చెప్పకుండా మింగించడం మాత్రం కుదరదు.