సవరణ: ఒకిషియో పెట్టిన షరతు
మెషిన్ల మీద పెట్టుబడి పెరిగేకొద్దీ లాభాల రేటు (పెట్టిన పెట్టుబడి మీద వచ్చే లాభం శాతం) పడిపోతుందన్న మార్క్స్ వాదన తప్పని 1961లో జపాన్ ఆర్థికవేత్త నొబువో ఒకిషియో తేల్చేశాడని మొన్న రాశాను. అది సరికాదు. నిజవేతనం (కూలితో కొనగలిగే సరుకులు) మారకుండా ఉంటే, ఖర్చు తగ్గించే కొత్త పద్ధతి వల్ల సగటు లాభాల రేటు తగ్గదన్నదే ఆయన నిరూపణ. ఆ షరతే నేను వదిలేశాను.

మన విజయవాడ ఆటోనగర్ లేత్ షాపుల ఉదాహరణ కూడా సగమే చెప్పాను. మెషిన్లు, ముడిసరుకు కలిపి 80, కూలి 20, మిగులు (లాభం) 20 అయితే, పెట్టిన 100 మీద రేటు 20 శాతం. అన్ని షాపులూ కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు కొని ఆ 80 కాస్తా 180 అయితే 10 శాతమే. కానీ మిగులు 40కి పెరిగితే మళ్లీ 20! రేటు పడిపోకుండా ఆపే ఇలాంటి ఎదురు శక్తుల మీద మార్క్సే ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో (1894) ఒక అధ్యాయం రాశాడు. మెషిన్‌ను ఈ రేటు కోసం కొన్ననాటి ధరకు లెక్కగట్టాలా, నేటి ధరకా? ఒకిషియో సిద్ధాంతంతో ఆండ్రూ క్లైమన్ లాంటి మార్క్సిస్టు ఆర్థికవేత్తల పేచీ అక్కడే. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జత చేయండి.