పదోన్నతి వచ్చిన మరుసటి రోజు

అనుకున్నది సాధించాకే ఆనందం అనే ఆలోచన మనల్ని నేటి క్షణాలకు దూరం చేస్తుందని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాట అక్షరాలా నిజం. నేను ఆరేళ్లు ఒక పదోన్నతి కోసమే బతికాను. మా అమ్మాయి గీసిన బొమ్మ తెచ్చి చూపిస్తే "తర్వాత చూస్తానమ్మా" అనేదాన్ని. పదోన్నతి వచ్చింది. ఆ సంబరం రెండు వారాలైనా నిలవలేదు. పాప బొమ్మలు తెచ్చి చూపించడం అప్పటికే మానేసింది. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. మనస్తత్వవేత్త డేనియల్ గిల్బర్ట్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధనలో, విశ్వవిద్యాలయంలో శాశ్వత పదవి దక్కితే ఏళ్ల తరబడి ఎక్కువ సంతోషంగా ఉంటామని యువ అధ్యాపకులు అంచనా వేశారు. తీరా చూస్తే దక్కినవారికీ దక్కనివారికీ సంతోషంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2010లో పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో ఫోను ద్వారా పలకరించారు. దాదాపు 47 శాతం సార్లు వారి మనసు చేస్తున్న పని మీద లేదు. హాయిగొలిపే ఊహల్లో తేలుతున్నవారు సైతం, పనిలో లీనమైనవారి కంటే ఎక్కువ సంతోషంగా లేరు! నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే.

అయితే ఆశయాలే వద్దన్నట్టు ధ్వనించిన ఆ వ్యాసం చివరి పేరాతో నేను ఏకీభవించను. నేను ఇప్పటికీ కష్టపడే పనిచేస్తాను, కొత్త లక్ష్యాలూ ఉన్నాయి. కాకపోతే సాయంత్రం అమ్మాయి మాట్లాడుతున్నప్పుడు నా ఫోను పక్క గదిలో ఉంటుంది. మొన్న తను మళ్లీ ఒక బొమ్మ తెచ్చి నా ముందు పెట్టింది.