సముద్ర సరిహద్దు రేఖ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అంతర్జాతీయ సముద్ర సరిహద్దు రేఖ గారి దివ్యసముఖానికి, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు వెనక వీధిలో కాపురముంటున్న ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకొనే విన్నపం.

తమరు క్షేమమేనని తలుస్తాను. ఒక పక్క మా నౌకాదళమూ, మరో పక్క పొరుగువారి నౌకాదళమూ కంటికి రెప్పలా కాచుకుంటుండగా తమరి క్షేమానికి లోటేముంటుంది? మా వీధి క్షేమమే అంతంతమాత్రంగా ఉంది. ఎదురింటి కళాసీ వేటకు వెళ్లిన బోటు ఇంజను చెడి, గాలివాటున కొట్టుకుపోయి తమరిని దాటిందట. బంగ్లాదేశ్ గస్తీ నౌక వారిని పట్టుకుపోయింది. ఆయన భార్యకు తోడుగా నిన్న మధ్యాహ్నమంతా నేనొక కార్యాలయం వరండాలో కూర్చున్నాను. ‘సోమవారం వస్తే పని అయిపోతుంది’ అని మాట ఇచ్చిన గుమాస్తా గారు, సోమవారం రాగానే, పట్టుబడిన మనిషి భారతీయుడేనని రుజువు కావాలన్నారు. ఆమె పాలిథిన్ సంచిలోంచి మత్స్యకార గుర్తింపు కార్డు జిరాక్సు తీసి, మడతలు చేత్తో సాపు చేసి బల్ల మీద పెట్టింది. జిరాక్సు చెల్లదు, అసలుది తెమ్మన్నారు. అసలుది ఆయన జేబులో ఉంది. ఆయన జైల్లో ఉన్నారు. గుమాస్తా గారు కాసేపు ఆలోచించి భోజనానికి వెళ్లారు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు కొంత తెలుసు. బంగ్లాదేశ్ వైపు తమరు 2014 జులైలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ తీర్పుతో స్థిరపడ్డారు. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 వారికి దక్కాయి, మనవాళ్లు కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు. అంతకుముందు ఒక ఇసుక దిబ్బ కోసం మనం న్యూ మూర్ అనీ, వారు దక్షిణ తల్పట్టీ అనీ దశాబ్దాల పాటు కీచులాడుకున్నాం. 1981లో మనవాళ్లు అక్కడ జెండా కూడా ఎగరేశారు. ఎవరిదో తేలకముందే దాన్ని సముద్రమే మింగేసింది. పాకిస్తాన్ వైపు తమరి వైభవం ఇంకా గొప్పది. గుజరాత్, సింధ్‌ల మధ్యనున్న సర్ క్రీక్ అనే ఉప్పుటేరు తగాదా తెగకపోవడం వల్ల అక్కడ తమరిని ఎవరూ ఇంతవరకు గీయనే లేదు. గీయని గీత దాటినందుకు ఇటువాళ్లు కరాచీలోనూ, అటువాళ్లు గుజరాత్‌లోనూ ఏళ్ల తరబడి జైళ్లలో ఉంటున్నారు.

కాపలా వద్దని నేననడం లేదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మా రేవు ముంగిట్లోనే. 2008లో ముంబయి మీద విరుచుకుపడిన హంతకులు కుబేర్ అనే గుజరాత్ చేపల బోటును చేజిక్కించుకుని, అందులోని వారిని చంపి వచ్చారు. కనుక బోటును ఆపాలి, వెతకాలి, మనుషులను ప్రశ్నించాలి. దానికి ఒక రోజు పడుతుంది, పోనీ వారం పడుతుంది. వలా, ఐసుపెట్టెలూ, పప్పూ బియ్యమూ తప్ప ఏమీ దొరకని బోటు మీది కళాసీని నెలల తరబడి ఉంచుకోవడంలో దేశ భద్రత ఎక్కడుందో తమరే సెలవివ్వాలి.

తమరు పుట్టిన శాస్త్రం 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం. అందులోని 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే చేపల మీద తీరదేశానికే హక్కుండే సముద్ర భాగంలో, వేట నిబంధనలు ఉల్లంఘించారని పట్టుకున్న నౌకను, సిబ్బందిని తగిన పూచీకత్తు తీసుకుని త్వరగా వదిలిపెట్టాలి. ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, ఆ ఉల్లంఘనకు జైలుశిక్ష కూడదు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక నాలుగూ ఈ ఒప్పందాన్ని ఆమోదించినవే. గీత గీయడానికి పనికొచ్చిన పుస్తకం, గీత దాటినవాడిని వదలడానికి ఎందుకు పనికిరాదో ఎవరూ చెప్పరు.

ఎందుకు పనికిరాదో మా ఉత్తరాంధ్ర వాళ్లకు మాత్రం తెలుసు. ఉన్న ఊళ్లో రేవు లేక గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళ్లి కూలికి వేట చేసే మా శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కారు. వాళ్లు జైల్లో ఉండగా 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, ఆ వెంటనే బాలాకోట్ మీద మన వైమానిక దాడి, ఆగస్టులో జమ్మూ కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దు, మన రాయబారిని పాకిస్తాన్ వెనక్కి పంపడం జరిగాయి. ఇందులో ఏ ఒక్కటీ ఆ కుర్రాళ్లు చేసింది కాదు. అయినా వాళ్ల ఇళ్లకు ఢిల్లీ, ఇస్లామాబాద్‌ల మధ్య వాతావరణమే తుపాను హెచ్చరికైంది. చివరికి 2020 జనవరిలో ఇరవై మందిని, సముద్రంలో పట్టుకున్నవాళ్లను తీసుకెళ్లి, నేల మీద వాఘా దగ్గర అప్పగించారు. దానికి సుహృద్భావమని పేరు. నువ్వు ఒకరి మొగుణ్ణో కొడుకునో దాచిపెట్టి, నీ మనసు కుదుటపడిన రోజున తిరిగిచ్చి, దండ వేయించుకుంటావా? ఆ మనిషి తప్పు చేసి ఉంటే ఆ తప్పుకు ఒక లెక్క ఉండాలి కదా. నీ దగ్గర ఉన్న లెక్క ఒక్కటే: అవతలివాళ్ల జైల్లో మనవాళ్లు ఎందరు, మన జైల్లో వాళ్లవాళ్లు ఎందరు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న భారత్, పాకిస్తాన్ ఆ జాబితాలు మార్చుకుంటాయి. 2025 మేలో క్షిపణులు వేసుకున్నాక కూడా జులై 1న ఠంచనుగా మార్చుకున్నాయి. కాగితాలు దాటినంత సులువుగా మనుషులు దాటరు.

ఇతర పెద్దలకు మొరపెట్టుకుందామా అంటే, సభ్యదేశాల ద్వైపాక్షిక తగాదాలు మాట్లాడకూడదని నియమావళిలోనే రాసుకున్న దక్షిణాసియా దేశాల కూటమి సార్క్, 2014 కాఠ్మాండూ సదస్సు తర్వాత ఆ అధినేతలను మళ్లీ కూర్చోబెట్టలేకపోయింది. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్ 2004లో సంతకం చేసిన స్వేచ్ఛా వాణిజ్యపు చట్రాన్నే ఇంకా బిగిస్తోంది. 2024 ఫిబ్రవరిలో మిలన్ అనే నౌకాదళ విన్యాసాలకు యాభైకి పైగా దేశాలు మా ఊరొచ్చి బీచ్ రోడ్డు మీద కవాతు చేశాయి. బ్యాండు బాగా వాయించారు.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. ఢాకాలో ప్రభుత్వం కూలి, రెండు దేశాలూ మొహాలు ముడుచుకున్న కాలంలోనే, 2025 జనవరిలో, అటు నుంచి 95 మందిని, ఇటు నుంచి 90 మందిని నట్టనడి సంద్రంలో, సరిగ్గా తమరి మీదే మార్చుకున్నారు. ఆ ఏడే బంగ్లాదేశ్ తన వేట నిషేధాన్ని మన ఏప్రిల్ 15 నిషేధానికి దగ్గరగా జరుపుకుంది. అంతకుముందు మన బోట్లు ఆగినప్పుడు వారివి, వారివి ఆగినప్పుడు మనవి పిల్ల చేపలను ఊడ్చేవి. చేపల సెలవుల విషయంలో కుదిరిన పొంతన అది. సంతోషమే. తలచుకుంటే తమరు ఏంచేయగలరో అది చూశాకనే ఈ ఉత్తరం రాసే ధైర్యం వచ్చింది.

కనుక కొత్త సదస్సు గానీ, కరచాలనాల ఫొటో గానీ అడగడం లేదు. దాటిన బోటును ఆపండి, వెతకండి, జరిమానా వేయండి, కావాలంటే పట్టిన చేపంతా దించుకోండి. పూచీకత్తు రాయించుకుని మనుషులను పంపేయండి. బోటునూ పంపండి, మనిషి తిరిగొచ్చినా బోటు అక్కడే తుప్పు పడితే, దాని మీద తెచ్చిన అప్పుకు వడ్డీ ఇక్కడ కట్టవలసిందే. 73వ అధికరణం ప్రతి కావాలంటే తెచ్చిస్తాను. జిరాక్సే ఉంది.

ఇట్లు,
తమరిని ఎన్నడూ చూడని
ఒక విశాఖవాసి